జెనోవేవా ఫ్రిజ్‌లో బుడిపె

దీవి అంచున ఉన్న మా హిబారా ఊళ్ళో ఏ వస్తువుకైనా రెండు చావులు. వాడి వాడి అరిగిపోవడం ఒకటి, సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలికి తుప్పు పట్టిపోవడం రెండోది. ఈ రెంటి మధ్యా వస్తువుని చెయ్యి పట్టుకుని వెనక్కి లాగే మనిషి ఊరు మొత్తానికి ఒక్కతే ఉంది. పేరు ఒనేలియా కియాలా. వయసు యాభై నాలుగు. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ఆమె వేళ్ళ సందుల్లో చేరిన గ్రీజు ఏ సబ్బుకీ లొంగదు.

ఆమె వరండాలోకి వెళ్ళాలంటే పక్కకి తిరిగి నడవాలి. కిరసనాయిలు స్టవ్వులు, చేత్తో తిప్పే కాఫీ మరలు, మాంసం తరిగే మరలు, మూత బిగుసుకుపోయిన కుక్కర్లు, నిలబెట్టిన బీరువాల్లా అమెరికా ఫ్రిజ్‌లు. వాటిలో వయసుకి ఆమెకంటే చిన్నది అరుదు. కరెంటు కోతలు పెరిగినప్పుడల్లా జనం అటకల మీంచి తాతమ్మల కాలం నాటి స్టవ్వులు దించి, బూజు కూడా దులపకుండా పట్టుకొచ్చి ఆమె ముందు పడేస్తారు. "నిన్నటిదాకా బాగానే వెలిగింది" అంటారు. ముప్పై ఏళ్ళుగా దాని మొహం చూసి ఉండరు, అయినా నిన్నటిదాకా అంటారు. మా వాళ్ళ నోటికి లెక్కలు రావు.

ఒనేలియాకి ఒకటే సూత్రం. ముందు కడగాలి, తర్వాత చూడాలి. స్క్రూడ్రైవరు ముట్టుకోకముందే పుల్లనారింజ చెక్కలు, జల్లించిన బూడిద, కొబ్బరిపీచు, అరిగిన టూత్‌బ్రష్షులు దగ్గర పెట్టుకుని కూర్చుంటుంది. సగం రోగాలు జిడ్డు దగ్గరే పోతాయని ఆమె నమ్మకం. "నీ స్టవ్వుకి జబ్బు లేదమ్మా, స్నానం లేదు" అని మొహం మీదే చెప్పేస్తుంది. విన్నవాళ్ళకి కోపం వస్తుంది కానీ వేరే దిక్కు లేదు కనుక మింగుతారు.

ఈ విద్య ఆమెకి నేర్పినవాడు లిసార్దో మాస్టారు. రేవు దగ్గర చేపల కోల్డ్ స్టోరేజీలో ఆయన మెకానిక్కు. ఒనేలియా అక్కడ ట్రేలు కడిగేది. ఇరవై రెండేళ్ళ పిల్ల. తల్లి పోయి మూడేళ్ళయింది, తండ్రి ఎవరో ఊళ్ళో ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్పేవారు. తన పని అయిపోయినా ఇంటికి వెళ్ళకుండా మాస్టారి వెనకాల నిలబడి చూస్తుండేది.

"ఏంటమ్మాయ్, దారి తప్పావా?" అన్నాడట ఒకరోజు.

"నాకూ నేర్పండి మాస్టారూ."

"ఆడపిల్లవి. ఒంటికి గ్రీజంటుతుంది."

"అంటితే కడుక్కుంటాను. నేను చేసే పనే అది కదా."

ఆయన పడీ పడీ నవ్వి ఆమె చేతిలో ఒక టూత్‌బ్రష్షు పెట్టాడు. మొదటి ఏడాదంతా ఆ బ్రష్షే. రెండో ఏడు స్క్రూడ్రైవరు. సాయంత్రాలు వాళ్ళింటికి వెళ్ళి అక్కడా పని నేర్చుకునేది, అక్కడే అన్నం తినేది. మాస్టారి భార్య జెనోవేవా ఆ పిల్లకి తల దువ్వి, జుట్టు కత్తిరించి, చిరిగిన గౌనులు కుట్టి, చివరికి రెండు పెళ్ళిళ్ళూ దగ్గరుండి చేసింది. మొదటి పెళ్ళి నాడు చర్చి మెట్ల మీదే "వీడు నిలవడే పిల్లా" అని చెవిలో చెప్పింది కూడా. వాడు పదకొండు నెలలు నిలిచాడు. రెండోవాడు ఊరి బ్యాండులో బాకా ఊదేవాడు, వాణ్ణి ఒనేలియానే బాకాతో సహా బయటికి పంపింది. మొగుళ్ళు వచ్చారు, పోయారు. జెనోవేవా మాత్రం పోలేదు. అమ్మా అని పిలవలేదు గానీ, పిన్నీ అన్న ఆ పిలుపులో అమ్మే ఉంది.

ఇక జెనోవేవా నోరు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఈవిడ విషయంలో ఊరే మంచిది. ప్రేమ వచ్చినా తిట్టే, ఆకలేసినా తిట్టే. తిట్టించుకోకుండా ఆ ఇంట్లో అన్నం తిన్నవాడు లేడు. కిటికీలోంచి చింతపండు ఐసుముక్కలు అమ్ముతుంది. కొనడానికొచ్చిన పిల్లలకి ముందు ఒక తిట్టు, తర్వాత ఐసు. పిల్లలు రెండూ కావాలనే వస్తారు.

అన్ని తిట్లలోకీ పెద్దది మొగుడికి. అది ఊరందరికీ కంఠతా వచ్చు. ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా, పైన ఐసు అరలో ఎడమ గోడకి, చిల్లు పూడ్చిన చోట, శనగగింజంత బుడిపె కనిపిస్తుంది. అది కనిపించగానే మొదలు. "చేతులు పడిపోను! ఊళ్ళో అందరి ఫ్రిజ్‌లూ బాగుచేసే మొనగాడు, సొంత ఇంట్లో ఫ్రిజ్‌ని పందిని పొడిచినట్టు పొడిచాడు!" రోజుకి ఎన్నిసార్లు తలుపు తీస్తే అన్నిసార్లు. లిసార్దో బతికున్నన్నాళ్ళూ వింటూ, ఊగుడు కుర్చీలో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేవాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది. తిట్లు ఆగలేదు.

ఆవిడ కోపానికి కారణం లేకపోలేదు. ముప్పై ఏళ్ళ కిందట, ఆ కరువు రోజుల్లో, కరెంటు రోజుకి నాలుగు గంటలుంటే పండగ. కూతురు మైదెలీస్‌కి పదిహేనో ఏడు నిండబోతోంది. ఆడపిల్లకి పదిహేను నిండిన పండగంటే మా వైపు సగం పెళ్ళి. ఉపవాసాలుండైనా చేస్తారు. జెనోవేవా తన పెళ్ళినాటి కుట్టుమిషను ఒక రైతుకిచ్చి ఒక పందితొడ తెచ్చింది. మొత్తం తొడ! ఆ ఏడాది హిబారాలో అంత మాంసం ఒకచోట చూసినవాళ్ళు లేరు. పండగ ఇంకా ఎనిమిది రోజులుందనగా దాన్ని ఐసు అరలో పెట్టింది. మర్నాడే, పేరుకున్న ఐసు పొడవబోతే, అర గోడకి కత్తి దిగింది. గోడలో తిరిగే చల్లదనపు గ్యాసంతా బుస్సున పోయింది. మళ్ళీ గ్యాసు దొరకడానికి నలభై రోజులు పట్టింది. ఈలోగా మాంసానికి ఉప్పు రాసి చూశారు, పొగ పెట్టి చూశారు, నాలుగో రోజుకి వీధి చివరి దాకా వాసన. అద్దెకి తెచ్చిన గులాబీ గౌను వేసుకుని మైదెలీస్ నిలబడితే, వచ్చినవాళ్ళు ఉడికించిన కర్రపెండలం తిని బాగుందన్నారు. ఆ "బాగుంది"ని జెనోవేవా ఇప్పటికీ క్షమించలేదు.

ఊరికి తెలిసిన కథ ఇది. ఆ కత్తి ఎవరి చేతిలో ఉందన్నది ఊరికి తెలియదు. లిసార్దోకీ ఒనేలియాకీ తెలుసు. ఆయన పోయాక ఒనేలియాకే తెలుసు.

* * *

ఈ ఏడాది మార్చిలో జెనోవేవా ఫ్రిజ్ ఒనేలియా ఇంటికి వచ్చింది. ఎవెలియో గుర్రబ్బండి మీద, నిలబెట్టి, నాలుగు వైపులా తాళ్ళు కట్టి, ఊరేగింపు విగ్రహంలా. దాని వెనకాలే గొడుగు వేసుకుని జెనోవేవా నడిచి వస్తోంది. ఎవెలియో చెమటలు కక్కుతున్నాడు.

"పడుకోబెడితే పోయేది కదమ్మా, గాలికి ఊగుతోంది" అన్నాడు బండి ఆపి.

"నిన్ను పడుకోబెడతాను. పడుకోబెడితే మోటారులో నూనె గొట్టాల్లోకి పోతుందని పసిపిల్లలకి కూడా తెలుసు. నా మొగుడు చెప్పగా వినలేదా నువ్వు?"

"ఆ మహానుభావుడి మాట నువ్వు విన్నావా, నేను వినడానికి?"

"చూశావుటే ఒనేలియా, గుర్రానికున్న బుద్ధి లేదు వీడికి!"

నలుగురు కలిసి దింపారు. పంతొమ్మిదివందల యాభై రెండు నాటి ఫ్రిజ్. సర్కారువాళ్ళు కొత్త చైనా ఫ్రిజ్‌లిచ్చి పాతవి లారీల్లో పట్టుకుపోయిన రోజుల్లో కూడా లిసార్దో దీన్ని ఇవ్వలేదు. ఇప్పుడు దాని అడుగు తుప్పు తినేసింది. తలుపు రబ్బరు ఎండిన చేపలా బిరుసెక్కింది. తెల్ల రంగు పళ్ళు తోమనివాడి నవ్వులా పచ్చబడింది.

జెనోవేవా కుర్చీ లాక్కుని కూర్చుంది. "వచ్చే నెల పదకొండుకి నాకు ఎనభై నిండుతాయి. ఆ రోజుకి ఇది మా అత్తగారింట్లో దిగిన రోజున ఉన్నట్టుండాలి. తెల్లగా, మల్లెపువ్వులా."

"చేస్తాను పిన్నీ."

"ఇంకొకటి." ఆవిడ లేచి తలుపు తీసింది. ఒనేలియా తిట్టు కోసం ఎదురుచూసింది. తిట్టు రాలేదు. ఆవిడ ఆ బుడిపెని వేలితో తడిమి, వేలు వెనక్కి తీసుకుంది. "దీన్ని తీసెయ్యి."

"రాస్తే చిల్లు తెరుచుకుంటుంది పిన్నీ. గ్యాసు పోతుంది."

"అయితే అరే మార్చు. నీ పెరట్లో ఇలాంటిదే చచ్చిన ఫ్రిజ్ ఉందిగా, బేకరీ వాళ్ళది. దాన్లోది తీసి పెట్టు."

"బానే ఉందిగా ఇది. ముప్పై ఏళ్ళుగా చుక్క కారలేదు."

జెనోవేవా ఫ్రిజ్ తలుపుని మెల్లగా, చప్పుడు కాకుండా మూసింది. అది ఆమెకి అలవాటు లేని పని కాబట్టి ఒనేలియాకి భయమేసింది. "ఇది కనపడితే నా నోరు ఆగదే. ఆరేళ్ళయింది ఆయన పోయి. చచ్చినవాణ్ణి రోజుకి పదిసార్లు తిడుతున్నాను. పాపం కాదూ? రేపు నేను కూడా అక్కడికే పోవాలిగా, ఏ మొహం పెట్టుకుని పోను? ఎనభై దాటాకైనా ఈ తలుపు నోరు మూసుకుని తియ్యాలనుంది. మార్చేసెయ్యి, నా తల్లి కదూ."

ఒనేలియా తలూపింది. ఇంకేం చేస్తుంది? ఆవిడ గొడుగు విప్పుకుని, దారి పొడుగునా ఎవెలియోని తిడుతూ వెళ్ళిపోయింది.

* * *

మొదటి వారం కడగడానికే సరిపోయింది. ఒనేలియా తలుపు ఊడదీసి చాప మీద పడుకోబెట్టింది. స్క్రూలు ఏ చోటివి ఆ చోటికి విడివిడిగా సీసాల్లో వేసింది. పచ్చబడిన ఎనామిల్ మీద వంటసోడా ముద్ద పట్టించి, తడిగుడ్డ కప్పి, ఒక పూట వదిలేసింది. తర్వాత మెత్తని గుడ్డతో గుండ్రంగా, తొందరలేకుండా రుద్దింది. తొందరపడితే గీతలు పడతాయి. అడుగున తుప్పు మీద పుల్లనారింజ రసం పోసి, ఉప్పుకాగితంతో గీకి, మళ్ళీ పోసి, మళ్ళీ గీకింది. బోలు పడిన చోట థర్మోకోల్‌ని పెట్రోల్‌లో కరిగించిన జిగురు పెట్టి, ఆరాక చదును చేసింది. లారీ ట్యూబు కోసి తలుపు రబ్బరు చేసింది. కొత్త రబ్బరు ఎక్కడా దొరకదు, దొరికినా ఈ తలుపుకి సరిపోదు.

ఈ పనిలో ఉన్నంతసేపూ ఆమె మనసు కుదురుగా ఉంటుంది. అరవై, డెబ్భై ఏళ్ళ మురికి కింద వస్తువు అసలు రంగు బయటపడే క్షణం ఒకటుంది. అప్పుడామెకి చంటిపిల్లకి మొహం కడిగినట్టు అనిపిస్తుంది. ఎవరితోనూ అనదు, నవ్వుతారని.

ఆఖరికి ఐసు అర దగ్గరికి వచ్చింది.

మాస్టారు అతికిన అతుకుని ఆమె మొదటిసారి ఇంత దగ్గరగా, పగటి వెలుతురులో చూసింది. చిల్లు చుట్టూ ఆకురాయితో ఎంత సన్నగా అరగదీశాడో, ఎంత ఓపిగ్గా జిగురు ముద్ద పెట్టి నునుపు చేశాడో. సరైన సామాను లేని రోజుల్లో చేసిన పని అది. తను ఈనాడు చేసినా ఇంత బాగా రాదని ఒప్పుకుంది.

ఆనాటి సంగతి నిన్న జరిగినట్టుంది. ఇరవై నాలుగేళ్ళ తను, వాళ్ళ వంటింట్లో ఒక్కతే. మాస్టారు ఇంకా పనినుంచి రాలేదు, పిన్ని రొట్టె కోసం క్యూలో ఉంది. కరెంటు వచ్చింది. చూస్తే పందితొడ చుట్టూ ఐసు ఉబ్బి తలుపు పడటం లేదు. చలి బయటికి పోతోంది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. ఐసు అరకి కత్తి తగలకూడదని ఈ దీవిలో ప్రతి మెకానిక్కూ ప్రతి ఇంట్లోనూ చెప్తాడు. తనే నెలకి ఇరవై ఇళ్ళలో చెప్పేది. అయినా కత్తి తీసుకుంది. రెండు పోట్లు బాగానే పడ్డాయి. మూడోదానికి బుస్సుమంది.

అప్పుడే మాస్టారు లోపలికొచ్చాడు. చప్పుడు విని ఒక్క అంగలో వచ్చి ఆమె చేతిలో కత్తి లాక్కున్నాడు. అదే క్షణంలో రొట్టెసంచీతో గుమ్మంలోకొచ్చిన జెనోవేవాకి కత్తి పట్టుకున్న మొగుడు కనిపించాడు.

"చెయ్యి జారింది" అన్నాడాయన.

ఆ రాత్రి వీధి చివర ఒనేలియా ఏడుస్తుంటే మెల్లగా చెప్పాడు. "నీ చేతిలో కత్తి చూశారనుకో, రేపటినుంచి ఈ ఊళ్ళో ఎవరూ నిన్ను ఫ్రిజ్ ముట్టనివ్వరు. ఆడదానికి పనప్పగిస్తే ఇంతే అంటారు. నా చేతిలో చూస్తే నవ్వుతారు. నవ్వితే నాకేమైనా అరుగుతుందా?"

"పిన్నికి చెప్తాను మాస్టారూ."

"దాని కోపం తగ్గనీ. నేనే చెప్తాను."

కోపం తగ్గలేదు, ఆయనా చెప్పలేదు. తనూ చెప్పలేదు. చెప్పని మాట ఏడాదికేడాది బరువెక్కింది. మొదట్లో పనిపోతుందని భయం. తర్వాత్తర్వాత ఇంకో భయం పట్టుకుంది, పిన్ని తనని గుమ్మం తొక్కనివ్వదని. పని పోతే ఇంకో పని చూసుకోవచ్చు. ఆ ఇల్లు పోతే ఒనేలియాకి ఇంకో ఇల్లు లేదు.

ఇప్పుడు పిన్నే అడుగుతోంది, తీసెయ్యమని. బేకరీ వాళ్ళ అర చేతికందేంత దూరంలో ఉంది. ఆమె స్క్రూడ్రైవరు తీసింది. ఆరు స్క్రూల్లో నాలుగు ఊడాయి. ఇంకో రెండు ఊడదీస్తే అంతా మాయమైపోతుంది. ఇక అడిగేవాడు లేడు, చెప్పేవాడు లేడు. ఆ ఆలోచనకి గుండె దూదిపింజలా తేలికైంది. ఆ తేలికని చూసుకుని ఒనేలియాకి తన మీద తనకే అసహ్యం వేసింది. స్క్రూలన్నీ మళ్ళీ బిగించి, చేతులు కడుక్కుని, ఆ పూటకి పని ఆపేసింది.

* * *

మర్నాడు పొద్దున జెనోవేవా రానే వచ్చింది, అరిటాకులో మొక్కజొన్న ముద్దలు చుట్టుకుని. పని ఎంతవరకూ వచ్చిందో చూసి తప్పులు పట్టడం ఆవిడ హక్కు.

"తిను. మొహం చూడు, అట్లకాడలా ఉన్నావు. ఇదేంటి, ఈ మూల ఇంకా పచ్చగా ఉంది? కళ్ళు కనిపిస్తున్నాయా లేదా? రబ్బరు బానే ఉందిలే." అని లోపలికి తొంగి చూసింది. "ఇదింకా మార్చలేదే! చూడు, చూడు, మళ్ళీ నా నోరు తెరిపిస్తోంది. కసాయి ముద్ర! చేతులు..."

"పిన్నీ, అది మాస్టారు చెయ్యలేదు."

"ఏంటి?"

"ఆ కత్తి నాది. నేను పొడిచాను. మీరు వచ్చేసరికి ఆయన నా చేతిలోంచి లాక్కున్నారు, అంతే. నేనే పిన్నీ."

చెప్పడం మొదలెట్టాక ఆగలేదు. ఉబ్బిన ఐసు, పడని తలుపు, బుస్సుమన్న చప్పుడు, వీధి చివర ఆయన అన్న మాటలు, అన్నీ చెప్పేసింది. జెనోవేవా చేతిలో ఉన్న అరిటాకు పొట్లం అలాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మైదెలీస్ పండగ..." అంది చివరికి. తర్వాత, "ముప్పై ఏళ్ళు" అంది.

"పిన్నీ..."

"ముప్పై ఏళ్ళు నా మొగుణ్ణి తిట్టాను. ఆయన పోయేముందు, మంచంలో ఉండగా నీళ్ళివ్వడానికి ఫ్రిజ్ తీసి, అప్పుడు కూడా తిట్టాను. ఆ నీళ్ళే తాగాడు." ఆవిడ గొంతు పెద్దది కాలేదు. "నీకు నోరు రావడానికి ఇన్నేళ్ళు పట్టిందా?"

"భయమేసింది. మీరు రావద్దంటే నాకెవరున్నారు?"

"మరి ఇప్పుడు నేనెవరికి చెప్పుకోను? చెప్పు. ఎవరి కాళ్ళు పట్టుకోను?"

జెనోవేవా లేచి వెళ్ళిపోయింది. మండుటెండ, గొడుగు కుర్చీకే వేలాడుతోంది. వెనకాల పరిగెత్తి ఇచ్చే ధైర్యం ఒనేలియాకి రాలేదు.

అయిదు రోజులు ఆవిడ రాలేదు. ఒనేలియా రెండోనాడు గొడుగు తీసుకుని వెళ్ళింది. తలుపు తియ్యలేదు. గొడుగు గుమ్మానికి ఆనించి వచ్చింది. తనే కావాలని నిప్పు నెత్తిన పోసుకుంది, కాలిందని ఏడ్చి లాభం లేదు. అలా అనుకుంటే ఏడుపు ఆగుతుందా? పగలంతా ఫ్రిజ్ తలుపుకి రంగు వేస్తూ కూర్చుంది. ఒక పూత, ఆరాక ఉప్పుకాగితం, మళ్ళీ పూత. ఐసు అర మాత్రం ముట్టుకోలేదు. దాన్నేం చెయ్యాలో చెప్పాల్సిన మనిషి ఆమెకి మొహం చూపించడం లేదు.

ఎవెలియో ఒక స్టవ్వు దింపడానికి వచ్చి, "ఏంటక్కా, ముసలమ్మకి ఒంట్లో బాలేదా?" అని అడిగాడు. "ఆ వీధిలో నాలుగు రోజులుగా తిట్లు లేవు. పిల్లలకి ఐసు లేదు. కిటికీ దగ్గర మావాణ్ణి ఎవరూ ఏమీ అనకపోతే వాడు దిగులుపడి ఆగిపోతున్నాడు." వాడు గుర్రం గురించి మాట్లాడుతున్నాడు. ఒనేలియాకి నవ్వు రాలేదు.

* * *

ఆదివారం పొద్దున ఇంటి ముందు బండి ఆగింది. బండిలో జెనోవేవా. నల్ల గౌను, చెవులకి పెళ్ళినాటి కమ్మలు, ఒళ్ళో ఒక ఫ్లాస్కు.

"ఎక్కు" అంది.

ఒనేలియా చేతులు గౌనుకే తుడుచుకుని ఎక్కింది. ఎక్కడికని అడగలేదు. ఎవెలియో గుర్రాన్ని శ్మశానం వైపు తిప్పాడు.

శ్మశానంలో సముద్రపు గాలి గట్టిగా వీస్తోంది. లిసార్దో సమాధి సున్నం అప్పుడే పొరలు పొరలుగా లేస్తోంది. జెనోవేవా చేతిగుడ్డతో రాయి మీది ఇసుక తుడిచింది. తర్వాత పక్కకి జరిగి నిలబడింది.

"చెప్పు" అంది.

"ఏం చెప్పను పిన్నీ? ఆయనకి తెలుసుగా."

"ఆయనకి తెలుసు. నాకు తెలిసిందని ఆయనకి తెలీదు. చెప్పు."

ఒనేలియా గాలిలో, ఎండలో, రాయితో మాట్లాడింది. మొదట సిగ్గుపడింది, ఎవెలియో వింటున్నాడని. తర్వాత అది పోయింది. "మాస్టారూ, నేను పిన్నికి చెప్పేశాను. మీరు చెప్తానన్నారు, చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మీ పేరు మీద ఇన్నాళ్ళు బతికాను. ఊళ్ళో నన్ను నమ్మి ఇంత పని ఇచ్చారంటే, ఆ రోజు మీరు నవ్వులపాలయ్యారు కాబట్టి." కళ్ళు తుడుచుకుంటే గ్రీజు మొహానికి అంటుకుంది.

జెనోవేవా ముందుకొచ్చింది. రాయి మీద అరచెయ్యి ఆనించింది. ఏడుస్తుందనుకుంది ఒనేలియా.

"విన్నావుటయ్యా?" అంది ఆవిడ. "విన్నావా లిసార్దో? అబద్ధాలకోరూ! ఒకే కంచంలో తిన్నాం, ఒకే మంచంలో పడుకున్నాం, ఒక్క మాట చెప్పలేకపోయావా? నీ నోట్లో ఏం పెట్టుకున్నావు, కొయ్యా? నేను అరుస్తుంటే ఆ కుర్చీలో ఊగుతూ కూర్చున్నావు, పుణ్యాత్ముడిలా! నేను రాక్షసినయ్యాను, నువ్వు దేవుడివయ్యావు! ఆ పిల్లని కాపాడావు సరే, మరి నన్నెవరు కాపాడతారు?" శ్మశానం అవతలి గోడ దాకా వినపడింది. దూరంగా ఇంకో సమాధి మీద పూలు మారుస్తున్న ఒకావిడ శిలువ గుర్తు వేసుకుంది.

జెనోవేవా అంతటితో అరుపు ఆపింది. ఫ్లాస్కు మూత తీసింది. కాఫీ వాసన గాలికి చెదిరిపోయింది. "నెల రోజులు నీకు కాఫీ ఇవ్వలేదు కదయ్యా, ఆ తొడ పాడైనప్పుడు. దొరికే నాలుగు గింజలు నేను తాగి నీకు ఖాళీ కప్పు పెట్టాను, కావాలని. ఒక్కసారి అడగొచ్చు కదా. ఒక్కసారి అడిగితే నేను ఇచ్చేదాన్ని." మూతలో కాఫీ పోసి రాయి మీద ఒంపింది. ఇంకో మూతెడు పోసి ఒనేలియాకి ఇచ్చింది, మొహం చూడకుండా. "తాగు. నీ మీద కోపం పోయిందనుకోకు. మైదెలీస్‌కి కూడా నువ్వే చెప్తావు, నేను చెప్పను."

"చెప్తాను పిన్నీ."

ఇద్దరూ కాసేపు ఆ రాయి దగ్గరే కూర్చున్నారు. ఎవెలియో గుర్రానికి గడ్డి వేసి, మొహం అటు తిప్పుకుని తనూ ముక్కు చీదుకున్నాడు. ఎండ నెత్తికెక్కాక జెనోవేవా ఒనేలియా భుజం పట్టుకుని లేచింది. ఆ భుజం వదలకుండానే బండిదాకా నడిచింది.

"ఆ అర మార్చావా?" అని అడిగింది బండెక్కుతూ.

"లేదు. బేకరీ వాళ్ళది ఇంకా పెరట్లోనే ఉంది. మీరు ఊఁ అంటే రేపు పెట్టేస్తాను."

"వద్దు. ఆ బుడిపె అలాగే ఉండనీ." జెనోవేవా గౌను సర్దుకుని, వెనక్కి తిరిగి సమాధి వైపు ఒకసారి చూసింది. "ఇన్నాళ్ళూ చెయ్యని తప్పుకి తిట్టాను. చేసిన తప్పుకి ఇంకా మొదలే పెట్టలేదు."